చిల్లుల అత్త చదువు

మా అత్తను అసలు పేరుతో పిలిచేవాళ్ళు నాకు తెలిసి ఇద్దరే: ఆస్పత్రిలో చీటీ రాసే నర్సు, ఓటర్ల జాబితా చదివే గుమాస్తా. మిగిలిన లోకానికంతటికీ ఆవిడ చిల్లుల అత్త. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అత్త అనే అనేవారు. పదమూడో ఏట చెప్పుల కార్ఖానాలో చేరి, నలభై అయిదేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని, చెప్పుల పైతోలు మీద పువ్వులూ తీగలూ వచ్చేలా చిల్లులు పొడిచింది. ఎడమచేతిలో గుండ్రటి మొన ఉన్న ఇనుప కడ్డీ, కుడిచేతిలో చెక్క సుత్తి, కింద మందపాటి చెక్క దిమ్మ. ఒక్క దెబ్బకు ఒక్క చిల్లు. రెండో దెబ్బ వెయ్యాల్సివస్తే ఆ పూట ఆవిడకు ముద్ద దిగేది కాదు.

సాయంత్రం ఆవిడ మెట్లెక్కుతుంటే ముందు తోలు వాసన వచ్చేది, తర్వాత మాట వచ్చేది, చివరికి మనిషి వచ్చేది. ఈ వరస నాకు బాగా తెలుసు. మూడేళ్ళప్పుడు వచ్చిన జ్వరం నా చూపును పట్టుకుపోయింది. జ్వరం తగ్గింది, చూపు తిరిగి రాలేదు.

సైకిల్ షాపు పైన రెండు గదులూ వంటిల్లూ మా ఇల్లు. ముందుగదిలో అమ్మ కుట్టుమిషను, వెనకగదిలో అత్త మంచం, దానికి ఆనుకుని నా మంచం. నాన్న సరుకుల వ్యాను నడిపేవాడు. అత్త ఆయనకు అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోయి, పిల్లలు లేక, ఒక ట్రంకుపెట్టెతో తమ్ముడింటికి వచ్చింది. వచ్చిన రోజునే అమ్మతో, "నేను నీకు ఆడపడుచుని కాదు, ఇంకో జత చేతులనుకో" అందట. అమ్మ ఈ మాట ఇప్పటికీ చెబుతుంది. వెంటనే, "చేతులతోపాటు నోరు కూడా వచ్చిందనుకో" అని కలుపుతుంది.

అత్త చదువు ఏడో భాగం దగ్గర ఆగిపోయింది. ఖురాన్‌లో ముప్ఫై భాగాలు, వాటిలో సూరాలనే అధ్యాయాలు ఉంటాయి. చిన్నప్పుడు అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని ఏడో భాగం దాకా వచ్చేసరికి వాళ్ళ నాన్న కాలు విరిగింది, ఈవిడ కార్ఖానా మెట్లెక్కింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు పుస్తకం బీరువా పైనే ఉంది. రోజూ గుడ్డతో తుడిచేది, ముద్దు పెట్టుకునేది, మళ్ళీ పైన పెట్టేది. చదవమంటే మాత్రం, "తడబడుతూ చదివి పాపం కట్టుకోవడం ఎందుకులే" అని తప్పుకునేది.

నాకు ఏడేళ్ళు నిండాక పక్కింటి పిల్లలతోపాటు నేనూ మసీదు వెనక గదికి పాఠానికి వెళ్ళాను. చాప గరుగ్గా ఉంది. పిల్లలందరి ముందూ చెక్కపీటలు, పీటల మీద పుస్తకాలు. పక్కనున్న పిల్ల అక్షరాల కింద వేలు జరుపుతూ చదువుతోందని ఆమె మోచేయి నా మోచేతికి తగులుతుంటే అర్థమైంది. నేనూ వేలు చాపాను. కాగితం నున్నగా ఉంది. పైనుంచి కిందిదాకా తడిమాను. ఏమీ లేదు.

అప్పుడు మౌల్వీగారు కొత్తగా వచ్చినవాడు, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. నా తలమీద చెయ్యి పెట్టి మెత్తగానే చెప్పాడు. "తల్లీ, నీకు ఈ పుస్తకం అవసరం లేదమ్మా. నమాజుకు కావలసిన నాలుగు సూరాలు ఇంట్లో ఎవరైనా వినిపిస్తే నోటికి వస్తాయి. అది చాలు. దేవుడు నీ మీద ఎక్కువ బరువు పెట్టలేదు."

ఆయన దయగానే అన్నాడు. దయగా అన్న మాటకు ఎదురు చెప్పడం కష్టం. ఇంటికొచ్చి వెనకగదిలో మంచం మీద బోర్లా పడుకున్నాను. అత్త వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమయిందే?"

"వాళ్ళందరూ వేలు పెట్టి చదువుతున్నారత్తా. నాకూ వేళ్ళున్నాయి కదా?"

  ఆవిడ నా కుడిచెయ్యి తీసుకుని ఒక్కో వేలూ నొక్కి చూసింది, బజారులో బెండకాయ కొనేవాళ్ళు చూసినట్టు.

"ఉన్నాయి. పదీ ఉన్నాయి," అంది.

మర్నాడు కార్ఖానా నుంచి తోలు ముక్కలు తెచ్చింది. అరచేయంత ముక్క మీద పైనుంచి కిందికి నిలువుగా చిల్లులు. "ఇది అలిఫ్." ఇంకో ముక్క మీద పడవలాంటి వంపు, కింద ఒక పెద్ద చిల్లు. "ఇది బే." వారం తిరిగేసరికి ఇరవై ఎనిమిది ముక్కలూ నా తలగడ కింద చేరాయి. నేను నెల రోజుల్లో అన్నీ గుర్తుపట్టాను. అత్త పొంగిపోయి ఒక వాక్యం తయారుచేయడానికి కూర్చుంది. నాలుగు మాటలకు మంచం సగం నిండింది.

"ఈ లెక్కన ఖురాన్ పూర్తవ్వాలంటే ఊళ్ళో మేకలన్నీ అయిపోవాలి," అన్నాడు నాన్న గుమ్మంలోంచి.

నవ్వుకున్నాం గానీ ఆ మాట నిజమే. అత్త ఎదురుపడ్డవాళ్ళనల్లా అడగడం మొదలుపెట్టింది. కళ్ళు లేనివాళ్ళు ఎలా చదువుతారు? కార్ఖానా మేస్త్రీని అడిగింది, మందుల షాపతన్ని అడిగింది, బస్సు కండక్టర్ని కూడా అడిగిందని అమ్మ తల కొట్టుకుంది. ఆఖరికి కుట్టు విభాగంలో ఒకావిడ చెప్పింది, పెద్దాస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటర్‌కు చూపు లేదనీ, వేళ్ళతో గబగబా చదువుతాడనీ.

సెలవు రోజున నన్ను చంకనేసుకున్నంత పని చేసి తీసుకెళ్ళింది. ఆస్పత్రిలో మెట్ల కింద ఇరుకు గది. ఫినాయిల్ వాసన, ఫ్యాను కిర్రుమనే చప్పుడు. ఫోను మోగినప్పుడల్లా ఒక బొంగురు గొంతు నమస్కారం చెప్పి వార్డు నంబరు అడుగుతోంది. ఆయన్ని నేను తర్వాత టెలిఫోన్ మామ అని పిలిచాను. అత్త తాను ఎవరో, ఎందుకొచ్చిందో చెప్పింది.

"అమ్మా, పాపకు నేను నేర్పిస్తాను. వారానికోసారి తీసుకురండి," అన్నాడాయన.

"పాపకు మీరు నేర్పండి. నాకూ నేర్పండి."

"మీకు చూపుంది కదమ్మా?"

"పాపకు పుస్తకం రాసిచ్చేది ఎవరండీ మరి?"

 ఆయన సొరుగు లాగి ఒక ఇనుప పలకను బల్ల మీద పెట్టాడు. రెండు రేకులు, మధ్యలో కాగితం ఇరికిస్తారు. పై రేకుకు కిటికీల్లాంటి చిన్న గళ్ళు. ఒక్కో గడిలో ఆరు చుక్కలకు చోటు. చెక్కపిడి ఉన్న మొద్దు ముల్లుతో పొడిస్తే కాగితం వెనకవైపు చుక్క ఉబ్బుతుంది. అదే బ్రెయిలీ. ముల్లు అత్త చేతికిచ్చి పొడవమన్నాడు. టక్, టక్, టక్. ఆయన కాగితం తిప్పి వేలు జరిపాడు.

"ఇంతకుముందు ఎక్కడ నేర్చుకున్నారు?"

"చెప్పుల కార్ఖానాలో."

"మా బళ్ళో ఆరునెలలకు ఇలాంటి చుక్క పడేది కాదు," అన్నాడు. ఆ వారమంతా అత్త ఇంట్లో పదిమందికి ఈ మాట చెప్పింది. వినడానికి ఉన్నది ముగ్గురమే, కాబట్టి ఒక్కొక్కరం మూడుసార్లు విన్నాం.

ఆయనకు అరబ్బీ రాదు. ఆయనది వేరే మతం. కానీ తాను చదువుకున్న బడికి ఉత్తరం రాశాడు. వాళ్ళు ఇంకెవరికో రాశారు. రెండు నెలలకు పోస్టులో ఒక పెద్ద కవరు వచ్చింది. అందులో అరబ్బీ అక్షరాల చుక్కలున్న అట్టకాగితం. అలిఫ్‌కు ఒక చుక్క, బే కు రెండు. నాన్నకు మాత్రం మనసొప్పలేదు.

"అక్కా, ఖురాన్ అక్షరాలు వేరే మతంవాళ్ళ దగ్గర నేర్చుకోవడం ఏమిటి?"

"తెలిసినవాడి దగ్గరే కదరా అడుగుతాం. తెలియనివాడు మనవాడైతే మాత్రం ఏం చెప్తాడు? చదువు విశ్వాసి పోగొట్టుకున్న సొత్తు, ఎక్కడ దొరికినా తీసుకోవాలని నీకు చిన్నప్పుడు నాన్న చెప్పలేదూ? సొత్తు దొరికితే, దొరికిన వీధి ఎవరిదని చూస్తామా?"

 మరుసటి వారం నుంచి నాన్నే వ్యానులో మమ్మల్ని ఆస్పత్రి దగ్గర దించేవాడు. బయటే ఉంటానని మొండికేసి, మూడోవారం లోపలికొచ్చి, నాలుగోవారం టెలిఫోన్ మామతో టీ తాగాడు.

చుక్కలు చేతికొచ్చాక అత్తకు అసలు సమస్య తెలిసింది. పొడవడానికి చెయ్యి ఉంది, చదివి పొడవడానికి చదువు చాలదు. ఏడో భాగం దగ్గర ఆగిన మనిషి. ముప్ఫై ఏళ్ళ తుప్పు. ఒక సాయంత్రం కార్ఖానా నుంచి నేరుగా మసీదు వెనక గదికి వెళ్ళి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చిన్నపిల్లల వరసలో చాపమీద కూర్చుంది. అప్పుడావిడకు నలభై మూడేళ్ళు. పిల్లలు కిసకిసలాడారు. ఒకడు, "మౌల్వీగారూ, వీళ్ళ నాయనమ్మ కూడా చేరింది" అన్నాడు. మౌల్వీగారు పిల్లల్ని ఊరుకోమన్నాడు.

"అక్కా, మీకేం కావాలి?"

"నా చదువు సరిచెయ్యాలి మౌల్వీగారూ. మొదటి అక్షరం నుంచి. తప్పు చదివితే కసరండి, పెద్దదాన్నని మొహమాటపడొద్దు."

ఎందుకో కూడా చెప్పింది. తాను పొడిచిన ఒక కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పుతున్న చప్పుడు నాకు వినబడింది.

"ఇలా రాయవచ్చో లేదో నాకు తెలియదక్కా," అన్నాడు చివరికి. "తెలియనిదాన్ని తెలుసని చెప్పలేను. నాకు చదువు చెప్పిన ఉస్తాదుకు రాస్తాను. ఆయన చెప్పేదాకా మీ చదువు సరిచేసుకుందాం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు."

ఆ రోజు నుంచి అత్త పక్కన కూర్చుని నేనూ విన్నాను. నాలుక ఎక్కడ తగలాలి, ఏ అక్షరం గొంతులోంచి రావాలి, ఎక్కడ ఆగాలి. ఒక అక్షరం దగ్గర ఆవిడ గొంతులో పుల్ల ఇరుక్కున్నట్టు అయ్యేది. పిల్లలు నవ్వితే తానూ నవ్వి మళ్ళీ మొదలుపెట్టేది. ఒకసారి బాగా విసిగిపోయి పుస్తకం మూసేసింది. అప్పుడు మౌల్వీగారు చెప్పాడు, గడగడ చదివేవాడికి గొప్ప స్థానం ఉంటుంది, తడబడుతూ కష్టపడి చదివేవాడికి రెండింతల పుణ్యం ఉంటుందని ప్రవక్త అన్నారని.

"రెండింతలా?" అంది అత్త. పుస్తకం తెరుచుకున్న చప్పుడు. "ముప్ఫై ఏళ్ళ నుంచి ఈ సంగతి నాకెవరూ చెప్పలేదేం? పాపమనుకుని మూసిపెట్టానే!"

ఉస్తాదు జవాబు మూడు నెలలకు వచ్చింది. మౌల్వీగారు దాన్ని మా ఇంటికి తెచ్చి, అమ్మ కుట్టుమిషను పక్కన నిలబడే చదివాడు. తాను కూడా తెలిసినవాళ్ళను అడిగానని, అడిగినందుకు శిష్యుణ్ణి మెచ్చుకుంటున్నానని రాశాడాయన. మంచిపనిని ఆపవద్దన్నాడు. ఆఖరి వాక్యం మౌల్వీగారు రెండుసార్లు చదివాడు: "అయితే ఒక్క అక్షరం కూడా తప్పు పోకూడదు. ఆ బాధ్యత రాసే ఆమెది కాదు, నీది."

"ఇంకేం, ఇరుక్కున్నారు," అంది అత్త.

అలా మొదలైంది. చిన్న సూరాలున్న ముప్ఫయ్యో భాగం ముందు పెట్టుకున్నాం. అత్త పొద్దున కార్ఖానాకు వెళ్ళేముందు గంట, వచ్చాక గంట పొడిచేది. పక్కన ఖురాన్, ముందు పలక, దిమ్మ మీద మందపాటి కాగితం. అరబ్బీ కుడినుంచి ఎడమకు నడుస్తుంది. చుక్కల్లో అదే అరబ్బీ ఎడమనుంచి కుడికి చదవాలి. పొడవడం కాగితం వెనకనుంచి కాబట్టి మళ్ళీ కుడినుంచి ఎడమకు పొడవాలి. "అంటే తిరిగి తిరిగి ఇంటికే వచ్చామన్నమాట," అనేది అత్త. ఒక పేజీకి ఎనిమిది వందల గళ్ళు. గంటన్నర పట్టేది.

మొదటి పన్నెండు పేజీలు పూర్తయిన రోజున కొత్త బట్టలు కట్టుకుని వెళ్ళాం. నేను పీట ముందు కూర్చుని కాగితం మీద వేలు పెట్టాను. ఈసారి కాగితం ఖాళీగా లేదు. నా వేలికింద మాటలు వరసగా వస్తున్నాయి. పెద్దగొంతుతో చదవడం మొదలుపెట్టాను.  నాలుగో పేజీలో మౌల్వీగారు, "ఆగు తల్లీ. మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. "ఇంకోసారి." మూడోసారీ అదే చదివాను. నా వేలికింద అదే ఉంది మరి.

తప్పు నాది కాదు. లామ్‌కు మూడు చుక్కలు పడాలి. మూడోది దిగలేదు. రెండే ఉంటే అది బే. ఒక్క చుక్కకు మాట మారిపోయింది.

అత్త కాగితాలన్నీ సర్దుకుని ఇంటికొచ్చేసింది. ఆ చుక్క ఒక్కటీ పొడిస్తే సరిపోయేది. ఆవిడ పేజీ మొత్తం మళ్ళీ రాసింది. అమ్మ సర్దిచెప్పబోతే, "చెప్పుకు చిల్లు తప్పితే కాలు కరుస్తుంది, అంతే. ఇది తప్పితే బిడ్డ తప్పు నేర్చుకుంటుంది. బిడ్డ పదిమందికి నేర్పితే పదిమందీ తప్పు నేర్చుకుంటారు" అంది. నేను పదిమందికి నేర్పుతానన్న మాట ఆ ఇంట్లో మొదటిసారి అప్పుడే వినబడింది. ఆవిడ దాన్ని ఎంత మామూలుగా అందంటే, ఎవరూ ఆశ్చర్యపోవడానికి వీల్లేకపోయింది.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. అత్త పొడుస్తుంది. నేను వేలితో పైకి చదువుతాను. మౌల్వీగారు అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని అక్షరం అక్షరం వింటాడు. ముగ్గురిలో ఎవరికీ పని పూర్తిగా రాదు. ముగ్గురూ ఉంటేనే ఒక పేజీ.

అలా ఒక రోజు నేను చదువుతుండగా ఒక సూరా వచ్చింది. దాని అర్థం నాకు తెలియదు. నాలుగు వాక్యాలయ్యాక మౌల్వీగారు ఆగమన్నాడు. తప్పు దొర్లిందేమోనని అత్త ఉలిక్కిపడింది.

"తప్పు కాదక్కా," అన్నాడు. తర్వాత పిల్లల వైపు తిరిగాడు. "ఇందులో ఏముందో చెప్తాను, అందరూ వినండి. ఒక రోజు ప్రవక్త ఊరిపెద్దలతో మాట్లాడుతున్నారు. వాళ్ళు వింటే ఊరంతా వింటుందని ఆయన ఆశ. అప్పుడు ఒక అంధుడు వచ్చాడు. నాకు నేర్పండి, నాకు నేర్పండి అని అడిగాడు. మాట మధ్యలో వచ్చాడని ప్రవక్త ముఖం చిట్లించి అటు తిరిగారు. ఆ మనిషికి ఆ ముఖం కనబడనే లేదు. కానీ దేవుడు ఊరుకోలేదు. నేర్చుకోవాలని పరుగెత్తుకొచ్చినవాణ్ణి వదిలి, అక్కర్లేదనుకునేవాళ్ళ వెంట పడతావా అని ఈ వాక్యాలు పంపాడు. ఆ తర్వాత ప్రవక్త ఆ అంధుణ్ణి ఎప్పుడు చూసినా ఎదురెళ్ళి గౌరవించేవారు."

ఆయన ఇంకా చెప్పాడు. "ఈ సూరా నేను కొన్ని వందలసార్లు చదివాను. ఇంకొకరికి చెప్పాను కూడా. కిందటేడు ఈ పాప నా గుమ్మంలోకి వచ్చి నేర్పమంటే, నీకు అవసరం లేదని పంపేశాను. నేను ముఖం చిట్లించలేదు, నవ్వుతూ పంపాను. అంతే తేడా. తల్లీ, నన్ను క్షమించు."

నాకు ఎనిమిదేళ్ళు.  "మిగతాది చదవనా?" అన్నాను.

"చదువు," అన్నాడు. చదివాను. ఆ గదిలో అంత నిశ్శబ్దంగా నన్ను ఎప్పుడూ ఎవరూ వినలేదు. ఇంటికి వస్తూ దారిలో అత్త నా చెయ్యి మామూలుకంటే గట్టిగా పట్టుకుంది. వీధి మలుపులో కిరాణా కొట్టతను, "ఏమిటత్తా, తల ఎగరేసుకుని వెళ్తున్నావ్?" అని అడిగితే, "మా మేనకోడలు చదివిందయ్యా" అని మాత్రం చెప్పింది.

మొత్తం ముప్ఫై భాగాలూ పూర్తవడానికి మూడేళ్ళ ఏడు నెలలు పట్టింది. తొమ్మిది వందల ఎనభై పేజీలు. అత్త ముల్లు పట్టే వేలికి కార్ఖానా కాయ పక్కన ఇంకో కాయ కాసింది. అమ్మ పేజీలను కట్టలుగా కుట్టి ఆరు సంపుటాలు చేసింది. నాన్న వాటి కోసం బీరువాలో తన బట్టల అర ఖాళీ చేశాడు.

ఆ అర రెండు నెలలు కూడా నిండుగా లేదు. సంగతి బయటికి పొక్కింది. బస్టాండు దగ్గర కుర్చీలు అల్లే ఒక యువకుడు వచ్చి మొదటి సంపుటం అడిగాడు. ముసలితనంలో చూపు పోయిన ఒక టీచరమ్మ వచ్చింది. "డెబ్భై ఏళ్ళు చదివిన కళ్ళు మూడేళ్ళుగా ఉపవాసం ఉన్నాయమ్మా" అందావిడ. అత్త అందరికీ ఇచ్చేది. చుక్కలు రానివాళ్ళను టెలిఫోన్ మామ దగ్గరకు పంపేది, లేదా తానే కూర్చోబెట్టి నేర్పేది.

నాన్న ఆగలేకపోయాడు. "అక్కా, చుక్కలు అరిగిపోతాయి. ఎక్కువమంది తడిమితే కాగితం నున్నగా అయిపోతుందని మామ చెప్పాడు. నీ మూడేళ్ళ కష్టం!"

"అరగాలిరా. అరగని కాగితం ఎవరూ చదవని కాగితం. ఒక పొయ్యినుంచి ఇంకో పొయ్యికి నిప్పు ఇస్తే మొదటి పొయ్యి ఆరిపోతుందా? కాగితమే కదా, మళ్ళీ పొడుస్తా."

అరిగిన పేజీలు నిజంగానే తిరిగొచ్చాయి. టీచరమ్మ దగ్గర నుంచి వచ్చిన సంపుటంలో కొన్ని చోట్ల నా వేలికి ఏమీ తగల్లేదు. అత్త ఆ పేజీలను చేత్తో తడిమి చూసి, "ఇదిగో, ఇక్కడ ఎంతసేపు కూర్చుందో చూడు!" అని మురిసిపోయింది. పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలా ఇల్లంతా తిరిగింది.

కానీ రెండు చేతులు ఎన్నని పొడుస్తాయి? మధ్యాహ్నం అన్నం విరామంలో తన బల్ల దగ్గరే కార్ఖానా ఆడవాళ్ళకు పలక పట్టడం నేర్పింది. తొమ్మిదిమంది చేరారు. వాళ్ళలో అరబ్బీ చదవడం వచ్చినవాళ్ళు ముగ్గురే. ఆ ముగ్గురూ అక్షరాల పేర్లు పైకి చెప్పేవారు, మిగతావాళ్ళు పొడిచేవారు. వింటూ వింటూ మిగతా ఆరుగురికీ చదవడం వచ్చేసింది. పొడవడం నేర్చుకోమంటే చదవడం కూడా నేర్చుకున్నారని అత్త వాళ్ళమీద ఫిర్యాదు చేసినట్టు చెప్పేది. అప్పుడు ఆవిడ గొంతులో ఉన్న గర్వం వింటే ఎవరికైనా నవ్వొచ్చేది. నాలుగేళ్ళలో అయిదు పూర్తి ప్రతులు తయారయ్యాయి. ప్రతి పేజీ మౌల్వీగారి చెవిమీదుగా వెళ్ళిందే. ఒకసారి జలుబు చేసి చెవులు దిబ్బడేస్తే ఆయన వారం రోజులు పని ఆపించాడు. సగం చెవితో విని సంతకం పెట్టనన్నాడు.

నేను మెల్లగా బడికి వెళ్ళాను, కాలేజీకి వెళ్ళాను, అరబ్బీ భాష మొదలుపెట్టి పట్టా దాకా చదివాను. ఇప్పుడు మసీదు పక్కన కొత్తగా కట్టిన రెండంతస్తుల ఇంట్లో పై గది నాది. పొద్దున ఇరవై రెండుమంది చూపులేని పిల్లలూ పెద్దలూ చదవడానికి వస్తారు. సాయంత్రం చూపున్నవాళ్ళు అర్థం నేర్చుకోవడానికి వస్తారు. మౌల్వీగారి గడ్డం తెల్లబడిందని చెబుతారు. ఆయన గొంతు మాత్రం అదే. తన కొడుకును కూడా నా తరగతికే పంపాడు.

కిందటేడు మాకు చుక్కలు అచ్చువేసే యంత్రం వచ్చింది. కంప్యూటరుకు తగిలిస్తే టకటకా పొడుచుకుంటూ పోతుంది. అత్త నాలుగు నెలలు చేసిన పని అది ఒక పూటలో చేసింది. అత్తకు డెబ్భై దాటాయి, వేళ్ళు వంగడం లేదు, ముల్లు పట్టలేదు. యంత్రం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆవిడ మనసు చిన్నబుచ్చుకుంటుందేమోనని నాన్న గుసగుసగా నన్ను అడిగాడు. ఆవిడ చెవులు పాము చెవులు.

"ఎందుకురా చిన్నబుచ్చుకోవడం? నేను చచ్చేలోగా ఎంతమందికి అందుతుందా అని కుములుతుంటే, నాకు వెయ్యి చేతులు మొలిచినట్టయింది. ఏదీ, మొదటి పేజీ ఇటివ్వు, సరిచూద్దాం."

యంత్రం తప్పు చెయ్యదని దాన్ని తెచ్చిన కుర్రాడన్నాడు. అత్త ఒప్పుకోలేదు. నేను వేలితో చదివాను, మౌల్వీగారు విన్నాడు. పదిహేడో పేజీలో అడుగు వరస మొత్తం కాగితం చివర తెగిపోయింది. కాగితం కొలత తప్పు పెట్టారు. కుర్రాడు నాలుక కరుచుకుని సరిచేశాడు. అత్త తీర్పు చెప్పింది: "యంత్రం మంచిదే. కాస్త కొత్త. నేర్చుకుంటుంది."

ఆ రోజు పెద్ద సభ పెట్టారు. కింద హాలు నిండిపోయింది. టెలిఫోన్ మామ వచ్చాడు, కార్ఖానా ఆడవాళ్ళు తొమ్మిదిమందిలో బతికున్న ఏడుగురూ వచ్చారు. మైకు పట్టుకున్నాయన అత్తను వేదిక మీదికి పిలిచి, గౌరవంగా, "అమ్మా, మీరు ఎంతవరకు చదువుకున్నారు?" అని అడిగాడు.

"ఇంకా అవలేదండీ," అంది అత్త. "పొడిచాను గానీ అందులో ఏముందో నాకు సగం కూడా తెలియదు. ఇప్పుడిప్పుడే అర్థం నేర్చుకుంటున్నాను. ఆ చివర కూర్చుందే, మా మేనకోడలు, ఆవిడ దగ్గర."

హాలంతా నా వైపు తిరిగిన చప్పుడు వినబడింది. కుర్చీలు కదిలాయి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. నేను తల దించుకోలేదు.

సాయంత్రం తరగతిలో ముందు వరసలో చివరి కుర్చీ అత్తదే. నిజం చెప్పాలంటే, మా తరగతిలో అందరికంటే వెనకబడిన విద్యార్థి ఆవిడే. నిన్న చెప్పింది ఇవాళ మరిచిపోతుంది. మూడు ప్రశ్నలు అడగందే ఒక పాఠం దాటనివ్వదు. మొన్నొకరోజు, తరగతికి వారంలో రెండు రోజులు సెలవు పెడదామని నేను ప్రకటిస్తే, అందరికంటే ముందు ఆవిడ గొంతే లేచింది.

"రెండు రోజులా? ఎందుకూ?"

"పిల్లలకు విశ్రాంతి కావాలి కదత్తా."

"పిల్లలకు ఇచ్చుకో. వాళ్ళకు బోలెడంత టైముంది. నాకు ఆ రెండు రోజులూ విడిగా చెప్పు."

చెబుతున్నాను. పదకొండో భాగంలో ఉన్నాం.